చిలక వీపు మీది పచ్చపూసలు

మా కోడలు సరోజిని సీమంతానికి పూసల జడ కుడుతుండగా పచ్చపూసలు అయిపోయాయి. చిత్తూరు నుంచి కాళహస్తి దాకా నేను ఒంటరిగా ప్రయాణం చేయడానికి కారణం అదే.

పూసల జడ ఎరగనివారికి ఒక మాట చెప్పాలి. బంగారు జడ పెట్టుకునే స్తోమత లేని ఇళ్ళలో, ముఖమల్ గుడ్డను జడంత పొడవున కత్తిరించి, దానిమీద గాజుపూసలతో పూలూ లతలూ కుట్టి, కింద కుచ్చులు వేలాడదీసి, అల్లిన జడ మీద కట్టేస్తాం. జడలు, మెడపట్టీలు, చేతిసంచులు కుట్టడం నాకు చిన్నప్పటి నుంచీ పని.

సరోజినికి తల్లి లేదు. మొదటి కడుపు నిలవలేదు. ఈసారి ఏడో నెల వచ్చినా తన నోట ‘బిడ్డ’ అన్న మాట రాలేదు. సీమంతం కూడా వద్దన్నది. యాభై ఏళ్ళ నా చేత పలక పట్టించి అక్షరాలు దిద్దించింది ఆ పిల్లే. ఒక సాయంత్రం నా పలక తుడుస్తూ, తల ఎత్తకుండానే, “నువ్వు కుట్టిన జడ అయితే పెట్టుకుంటానత్తా” అన్నది. ఆమె నన్ను అడిగింది అదొక్కటే.

ఎర్ర ముఖమల్ మీద తెల్లని మల్లెమొగ్గలు పైనుంచి కిందిదాకా పూర్తిచేశాను. ఆకులు సగంలో ఆగిపోయాయి. ఆకులు లేనిచోట ఆ మొగ్గలు కొమ్మకు పూసినట్టు లేవు, నేలమీద రాలినట్టున్నాయి. వాటిని అట్లా ఆ పిల్ల తల మీద పెట్టడానికి నాకు మనసొప్పలేదు. యుద్ధం వచ్చాక ఓడల మీద వచ్చే సీమ పూసలు రావడం లేదు. మా వీధికి పూసలు తెచ్చే ఆమె ఇప్పుడు సూదులు మాత్రమే తెస్తోంది.

సీమంతం శుక్రవారం. సోమవారం పొద్దున్నే, జడను పాత చీరముక్కలో చుట్టుకుని, రెండు బెల్లపు అచ్చులు సంచిలో వేసుకుని రైలెక్కాను. మావాడికి సెలవు దొరకలేదు. “స్టేషన్ల పేర్లు సదువుకుంటా పో, తప్పిపోవు” అని సరోజిని నవ్వించి పంపింది.

పాకాలలో బండి చాలాసేపు ఆగుతుంది. ఇడ్లీలు అక్కడే కొనుక్కోవడం మేలు. తర్వాత దొరకవు. ఆడవాళ్ళ పెట్టెలో నా ఎదుట కూర్చున్న ముసలామె ఆ తర్వాత ఒక స్టేషనులో, “ఇది యా వూరమ్మా?” అని అడిగింది. కిటికీలోంచి తల బయటపెట్టి ఊరి పేరు రాసిన పలక చూశాను. ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని, “చంద్రగిరి” అన్నాను.

“సదువుకున్నదానివా?”

“ఈమధ్యనే” అన్నాను. నన్ను ఊరి పేరు చదివి చెప్పమని అడిగినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు.

మధ్యాహ్నానికి తిరుపతి చేరాను. స్టేషనుకు దగ్గరలోనే సత్రంలో చాప ఇచ్చారు. కొండెక్కితే రోజులు గడిచిపోతాయని కిందినుంచే దండం పెట్టి, గోవిందరాజస్వామి గుడి దగ్గరి అంగళ్ళన్నీ తిరిగాను. తులసి పూసలు, ఎర్రచందనం పూసలు, గురివింద గింజలు రాసులుగా ఉన్నాయి. గాజుపూసలు లేవు. చివరి అంగడిలో నామాలు పెట్టుకున్న పెద్దాయన జడను విప్పించి శ్రద్ధగా చూశాడు.

“పచ్చవి యాడా దొరకవు తల్లీ. ఈ ఎర్రచందనం పూసలు కుట్టు. ఎండాకాలం గదా, ఆకులు ఎండిపోయినాయని చెప్పు.”

“సీమంతం పిల్లకు ఎండిన ఆకులా సామీ?”

ఆయన నాలుక కరుచుకున్నాడు. “తప్పు, తప్పు. పచ్చవే కుట్టమ్మా” అని, నేను కొనకపోయినా లేచి నిలబడి సాగనంపాడు.

ఇక మిగిలింది కుప్పమ్మ. చిత్తూరులో మేమిద్దరం ఒకే పంతులమ్మ దగ్గర పూసలపని నేర్చుకున్నాం. పెళ్ళయ్యాక ఆమె కాళహస్తికి వెళ్ళింది. అప్పట్లో ఇద్దరికీ రాత రాదు కనుక ఉత్తరాలు లేవు. ఎవరైనా అటు వెళ్ళివస్తే ఒకరి సంగతి ఒకరికి తెలిసేది. ఆమె దగ్గర పాత పూసలేమైనా మిగిలి ఉంటాయని ఆశ.

మరునాడు పొద్దున కాళహస్తి బండిలో జనం కిక్కిరిసి ఉన్నారు గానీ, ఒకచోట మాత్రం చోటు ఖాళీగా ఉంది. పులికాట్ వైపు నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్ముకుని వెళ్తున్న ఆమె పక్కన.

“కూసో అక్కా. బుట్ట ఖాళీనే. వాసన మాత్రం టిక్కెట్టు లేకుండా వస్తా ఉండాది” అన్నది.

కూర్చున్నాను. జడ తీసి వదులైన కుట్లు బిగిస్తుంటే వంగి చూసింది.

“ఎవురికి?”

“మా కోడలికి.”

“కోడలికా! మా అత్త నాకు సీపురుకట్ట ఇచ్చింది” అని పెట్టెంతా వినపడేట్టు నవ్వింది. చూడమని జడ చేతికివ్వబోతే చేతులు వెనక్కి పెట్టేసుకుంది. “వద్దక్కా, వాసన పట్టుకుంటాది. కండ్లతో సూస్తాలే.” కాళహస్తి వచ్చేదాకా అట్లాగే చేతులు కట్టుకుని చూస్తూ కూర్చుంది.

స్టేషను నుంచి జట్కాలో వెళ్ళాను. స్వర్ణముఖి ఇసుకలో అద్దకం గుడ్డలు ఆరేసి ఉన్నాయి. ఆ పని చేసేవాళ్ళ వీధిలోనే కుప్పమ్మ ఇల్లు. కొడుకు అద్దకం వేస్తాడు. వాకిట్లో కూర్చున్న కుప్పమ్మ రెండు కళ్ళకూ పొరలు కమ్మి ఉన్నాయి. నాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

“ఎవురది?”

“నేనే కుప్పీ.”

“చెంగీ! గొంతు ఇంత ముసిల్దయిపోయిందేమే!” అని నా మొహమంతా తడిమింది. తర్వాత జడ తడిమింది. పైనుంచి కిందికి వచ్చిన వేళ్ళు సగంలో ఆగాయి. “మొగ్గలుండాయి. ఆకులేవే?”

సంగతంతా చెప్పాను. సరోజిని భయం కూడా చెప్పాను. కుప్పమ్మ ఇంట్లోకి చెయ్యి చూపించింది.

“పచ్చపూసలు ఈ ఇంట్లో ఒక్కచోటే ఉండాయి.”

నడింట్లో ఉయ్యాల. ఉయ్యాల మీద పూసల చిలక. కుప్పమ్మ తొలిచూలుకు పుట్టింటికి వచ్చినప్పుడు మేమిద్దరం కుట్టినదే. ఇప్పుడు దాని కింద ఆమె మనవరాలు పడుకుని ఉంది. కోడలు మునెమ్మ పరుగున వచ్చి ఉయ్యాలకు అడ్డం నిలబడింది.

“కండ్లే పోయినాయి అనుకుంటి, మతి గూడా పోయిందా అత్తా? చిలకను సూడకుంటే నా బిడ్డ నిద్దరపోతాదా?”

“వద్దు, వద్దమ్మా” అని నేను లేచాను. ఒక బిడ్డ ఉయ్యాల బోసిచేసి ఇంకొకరికి సీమంతం చేయడమేమిటి? సాయంత్రం బండికి వెళ్ళిపోదామనుకున్నాను. కుప్పమ్మ చెయ్యి వదల్లేదు. “తిని పో.” సంగటి, పప్పు పెట్టారు.

బిడ్డ నిద్రపోయింది. మునెమ్మ నావైపు ఒక చూపు చూసి, చిలకను విప్పి, పెట్టెలో దాచడానికి తీసుకెళ్ళింది. పెట్టె దగ్గర నిలబడి దుమ్ము తుడుస్తూ ఆగిపోయింది.

“అత్తా, దీని వీపు మీద గూడా ఇన్ని పూసలుండాయే! ఎవురు సూస్తారని?”

కుప్పమ్మ ఫక్కున నవ్వింది. “ఆ పొద్దు నేనూ అదే అడిగినా. ఈ చెంగి వినలే. ఎవురూ సూడకున్నా చిలకకు తెల్దా, అన్నది.”

మునెమ్మ చిలకను అటూ ఇటూ తిప్పి చూసింది. నిద్రపోతున్న బిడ్డ వైపు చూసింది. “కింద పండుకున్న బిడ్డకు వీపు కనపడదు గదా” అని నెమ్మదిగా అన్నది. తర్వాత వచ్చి చిలకను నా ఒళ్ళో పెట్టింది. “వీపు మటుకే, పెద్దమ్మా. కడుపు తాకొద్దు.”

మా పనిలో ఒక నియమం ఉంది. కుట్టిన చెయ్యే విప్పాలి. ఆ వీపు నేను కుట్టిందే. తేనెమైనం పూసిన దారం అన్నేళ్ళయినా వదులు కాలేదు. పద్దెనిమిదేళ్ళ పిల్ల బిగించిన ముళ్ళతో నా వేళ్ళు మధ్యాహ్నమంతా పోట్లాడాయి. కుప్పమ్మ ఇత్తడి పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, పడే పూసల చప్పుడు వింటూ, “ఇది ఒక ఆకుకు వచ్చింది... ఇది ఇంకొకదానికి” అంటూ కూర్చుంది. మునెమ్మ మొగుడి అద్దకపు గుడ్డల్లోంచి తామరపువ్వు ఉన్న ముక్క తెచ్చి చిలక వీపుకు కుట్టింది. బిడ్డ లేచేసరికి చిలక యథాస్థానంలో ఉంది. దాన్ని చూసి ఎప్పటిలాగే కాళ్ళు ఆడించింది. మునెమ్మ అప్పుడు గట్టిగా ఊపిరి వదిలింది.

బయలుదేరేటప్పుడు కుప్పమ్మ పూసల మూట నా చేతిలో పెట్టింది. “సీమంతం ఒక్క పూటే. అయినాక ఆకులు విప్పి పుట్టే బిడ్డకు చిలకను కుట్టు. ఈసారన్నా కడుపు మటుకే కుట్టవే, పిచ్చిదానా.”

ఆ రాత్రికి తిరుపతి సత్రంలోనే ఉండి, బుధవారం పొద్దున బండెక్కాను. పాకాల చేరేలోగా ఆకులు చాలావరకు పూర్తయ్యాయి. పాతపూసలు కొత్తవాటికంటే కొంచెం ముదురు. లేత ఆకులు పైన, ముదురు ఆకులు కింద. తీగకు ఉండవలసినట్టే వచ్చాయి.

చిత్తూరు స్టేషనుకు సరోజినే వచ్చింది. జట్కాలో కూర్చున్నాక జడను ఆమె వీపు మీద ఆనించి చూశాను. తన జడ తనకు కనపడదు కదా. చెయ్యి వెనక్కి పెట్టి ఒక్కొక్క ఆకూ తడుముకుంటూ నేను చెప్పే చిలక కథ విన్నది. కుప్పమ్మ చివరి మాట చెప్పి, చెప్పకుండా ఉండాల్సిందేమో అని భయపడ్డాను. ఆ పిల్ల వేళ్ళు ఆకుల మీదే ఉన్నాయి. వీధి మలుపు తిరుగుతుండగా అడిగింది.

“బిడ్డ చిలకకు వీపు గూడా కుడతావా అత్తా?”

“కుడతానమ్మా” అన్నాను.