చిట్టి మింగని చేప

ఆ రోజుల్లో మా ఈడు వాళ్లందరూ ఏదో ఒక కంప్యూటర్ కోర్సు చదువుతుంటే, నేను చేపలకు మేత వేసే ఉద్యోగంలో చేరాను. (ఎందుకు చేరానో మా బావకు నాలుగు కారణాలు నంబర్లు వేసి రాసిచ్చాను. ఆయన చదివి, మడిచి, కిటికీ రెక్క కొట్టుకోకుండా సందులో పెట్టారు.) శ్రీకాకుళం నుంచి వచ్చి మెట్టుగూడలో అద్దెకుంటున్న అక్కాబావల ఇంట్లోనే నా మకాం. నేను రాయని అయిదో కారణం వాళ్ల ఎనిమిదేళ్ల కూతురు చిట్టి. పుట్టుకతో వచ్చిన రక్తహీనత. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. రక్తాన్ని ఎర్రబరిచే జన్యువు ఎప్పుడు, ఎంత పనిచేయాలో చెప్పే స్విచ్చులు కొన్ని ఉంటాయి. మా ల్యాబులో జీబ్రాఫిష్ అనే చిన్న చారల చేపల్లో వాటిని వెతికేవాళ్లం.

ఇదంతా ఒక ఆదివారం ఇంటి ఓనరమ్మకు వరసగా వివరించాను. చేపపిల్ల గాజులా ఉంటుందని, లోపల రక్తం పారడం కనిపిస్తుందని, చిట్టి జబ్బులాంటిదే దానికీ వస్తుందని. మృగశిర కార్తె నాడు ఆయాసానికి బతికున్న చేపతో మందు మింగే ఊళ్లో ఈ మాటలు ఎలా వినిపిస్తాయో మాత్రం నా జాబితాలో లేదు.

కార్తె రోజు పొద్దున ఓనరమ్మ మా వరండాలో కూర్చుని ఉన్నారు. పక్కన చిట్టి, తల దువ్వుకుని.

"పొద్దటిసంది పిల్లను ఏం తిననియ్యలే. పరిగడుపున్నే ఇయ్యాలె గద?"

"ఏమిటండీ ఇచ్చేది?"

"గిట్లడుగుతవేంది తమ్మీ, చేప. మా మరదలి బిడ్డకు సుత రక్తం తక్కువున్నది. జెర ఆమెకొకటి తే."

"నాకు భయం లేదు మావయ్యా," అంది చిట్టి. "వారం నుంచి ఇడ్లీ ముక్కలు నమలకుండా మింగుతున్నాను."

(పిల్లకు ఆకలి పుట్టిందని ఆ వారమంతా అక్క సంబరపడింది.)

జాబితా మొదలుపెట్టబోయి ఆగిపోయాను. "మింగేది కాదమ్మా. ఇంకా వెతుకుతున్నాం, అంతే."

"ఎప్పుడు దొరుకుతుంది?"

"తెలీదు."

"తెల్వకనే రోజూ పోతున్నవా?" అన్నారు ఓనరమ్మ. వెక్కిరింత కాదు, నిజంగానే అడిగారు.

ఆ మధ్యాహ్నం మా సార్ అనుమతితో చిట్టిని ల్యాబుకు తీసుకెళ్లాను. స్టూలెక్కి మైక్రోస్కోపులో రెండు చేపపిల్లలను చూసింది. ఒకదానిలో ఎర్రటి దారంలా రక్తం. రెండోదాని గుండె కూడా అంతే గట్టిగా కొట్టుకుంటోంది గానీ, పారేదానిలో ఎరుపు లేదు. చాలాసేపు దాన్నే చూసింది.

"దీనికి ఎవరెక్కిస్తారు మావయ్యా?"



చిట్టి ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తోంది. మూడు వారాలకోసారి సెలవు పెట్టి ఆస్పత్రికి వెళ్లి వస్తుంది. మృగశిర కార్తె పొద్దున మాత్రం ఇడ్లీ ముక్క పైకెత్తి, "మింగనా, నమలనా?" అని అడుగుతుంది.

"నమలమ్మా."

"ఇంకా తెల్వకనే పోతున్నవా?" అంటుంది, అచ్చం ఓనరమ్మ గొంతుతో.

నవ్వుతాను. నాలుగు కారణాలు రాసిచ్చిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. రాయాల్సింది ఒక్క అయిదోదే అని అతనికి చెప్పాలనిపిస్తుంది. తర్వాత టిఫిన్ ముగించి, చేపలకు మేత వేసే వేళ దాటకముందే బయల్దేరతాను.