మొక్క పుట్టింటి వాకబు

ఈ ఉదయం ఒక చేత్తో కాఫీ గ్లాసు, రెండో చేత్తో ఫోను పట్టుకుని మా బాల్కనీలో అరగంట నిలబడ్డాను. ఎదురుగా మామిడి చెక్కకి కట్టి వేలాడదీసిన ఆర్కిడ్ మొక్క. పట్టీల్లాంటి ఆకులు ఏడు, గాల్లోకి వేలాడే బూడిదరంగు వేళ్ళు నాలుగు, పువ్వు మాత్రం లేదు. ఫోన్లో ఒకాయన రోజూ తడపమంటాడు, ఇంకొకాయన తడిపితే చస్తుందంటాడు, ఒకావిడ బియ్యం కడిగిన నీళ్ళు పోసి పూయించానంటుంది. ఆవిడది ఏ ఊరో, ఆ మొక్కది ఏ అడవో, అక్కడ ఎండెంతో వానెంతో ఒక్కరూ చెప్పరు. పాతికేళ్ళ పైగా కాలేజీలో బోటనీ చెప్పినవాణ్ణి. ఆర్కిడ్ వేరు అడ్డుకోత కళ్ళు మూసుకుని బోర్డు మీద గీసేవాణ్ణి గానీ, ఒక్క ఆర్కిడ్‌నైనా బతికించిన పాపాన పోలేదు. ఈ సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది మా మేనత్త.

మండపేట దగ్గర పల్లెలో ఉండే మా మేనత్తకి బంధువుల్లో ఒక పేరుంది. ఎవరింట సంబంధం కుదిరేలా ఉన్నా, ముందు ఆవిడ వెళ్ళి వాకబు చేసి రావాలి. చింతపండు కొనడానికనో, తెలిసినవాళ్ళని పలకరించడానికనో ఆ ఊళ్ళో బస్సు దిగేది. పెళ్ళివారింటికి వెళ్ళేది కాదు. పాలు పోసే మనిషినీ, బట్టలు ఇస్త్రీ చేసే మనిషినీ, పక్కింటి పెద్దావిణ్ణీ మాట్లాడించి, సాయంత్రానికి ఆ ఇంటి మూడు తరాల గుట్టు మోసుకొచ్చేది. "పిల్ల సంగతి పిల్ల తల్లిని అడిగితే ఏం చెబుతుందిరా? పక్కింట్లో అడగాలి" అనేది. నా పెళ్ళికీ ఆవిడే వెళ్ళింది. ఏం విందో ఈనాటికీ నాకు తెలియదు. "చేసుకో, నీకు ఆ మాత్రం గట్టి పిల్ల ఉండాలి" అని మాత్రం అంది. మా ఆవిడ దాన్ని మెచ్చుకోలుగానే తీసుకుంది.

అత్త భర్త, మా మావయ్య, మారేడుమిల్లి అవతల ఏజెన్సీ ఊళ్ళో మేష్టారుగా రిటైరయ్యాడు. వచ్చేముందు ఈదురుగాలికి బడి ముందున్న ఇప్పచెట్టు కొమ్మ విరిగిపడితే, దాన్ని అంటుకున్న మూడు ఆర్కిడ్ మొక్కల్ని గోనెసంచిలో పెట్టుకుని తెచ్చాడు. "పువ్వు ఎలా ఉంటుందండీ?" అని అత్త అడిగితే, "చెబితే ఏముంది? పూశాక నువ్వే చూద్దువుగాని" అన్నాడట. ఆ వానాకాలంలోనే గుండెపోటుతో పోయాడు. ఆ పువ్వు ఆయన ఒక్కడే చూశాడు. మా ఇళ్ళల్లో ఇంకెవరికీ దాని రంగు కూడా తెలియదు.

మా డెల్టా మనుషులకి మొక్క అంటే ఒండ్రుమట్టి, పశువుల ఎరువు, నీళ్ళు. మొక్క వాడితే నీళ్ళు చాల్లేదంటాం. కుళ్ళినా నీళ్ళు చాల్లేదనే అంటాం. అత్త మూడింటినీ కుండీల్లో ఒండ్రుమట్టి వేసి నాటి, కాలవ నీళ్ళు కడుపునిండా పోసింది. నెల తిరక్కుండా ఒకటి మొదలు కుళ్ళి చేతికి ఊడొచ్చింది. అప్పుడు నాకు కబురంపింది. నేను పుస్తకం తిరగేశాను. గాలిలో తేమ ఉండాలని రాసి ఉంది. మిగతా రెండింటినీ కొబ్బరిపొట్టులోకి మార్పించి, పొద్దునా సాయంత్రం ఆకుల మీద నీళ్ళు చల్లమన్నాను. గోదావరి గట్టు మనిషికి తేమ గురించి సలహా ఇచ్చిన మొదటి మేధావిని నేనే. రెండోది నడినెత్తిన నల్లబడి పోయింది. ఆ రోజు అత్త నన్ను తిట్టలేదు. మిగిలిన ఒక్కదాని ముందు కూర్చుని, "ఇది కూడా పోతే ఆయన చూసింది నేనింక చూడలేనురా" అంది. తిట్టినా బాగుండేది.

అప్పటికి వాట్సాప్ గ్రూపుల రోజులు వచ్చాయి. నేను ఫోటో పెడితే పదిమంది పది పేర్లు చెప్పారు. నర్సరీ కుర్రాడు పువ్వుల టానిక్ సీసా ఒకటి అంటగట్టాడు. అన్నీ విని అత్త తల అడ్డంగా ఊపింది.

"వీళ్ళంతా పెళ్ళిళ్ళ పేరయ్యల్లా ఉన్నారు. ఒక్కడైనా దాని పుట్టిల్లు చూశాడేంట్రా? కారు మాట్లాడు, వెళ్దాం."

"వానలు పడ్డాక వెళ్దాం అత్తా, అడవి పచ్చగా బాగుంటుంది."

"పెళ్ళిపందిట్లో అందరూ బాగానే ఉంటారు నాన్నా. ఆ ఇంట్లో కష్టకాలం ఎలా ఉంటుందో చూడాలి."

అలా మండే మార్చిలో బయల్దేరాం. తెల్లారేసరికి ఆ ఊరు చేరాం. చెట్ల కింద ఇప్పపూలు ఏరుతున్న ఆడవాళ్ళు కనిపించారు. గాలంతా ఆ పూల తియ్యటి మత్తు వాసన. బడి ముందు చెట్టు ఆకులు రాల్చి నిలబడి ఉంది. తూర్పు కొమ్మ మీద మా మొక్క అక్కచెల్లెళ్ళు బారుగా ఉన్నాయి. ఆకులు ముడతలు పడ్డాయి, వేళ్ళు ఎండు బెరడుకి కరుచుకున్నాయి. మట్టి లేదు, పొట్టు లేదు, నీటిచుక్క లేదు. నేను చెట్టుకి ఫోటోలు తీస్తుంటే, అత్త పూలు ఏరే ఒక పెద్దావిడ పక్కన చతికిలబడి తనూ ఏరడం మొదలుపెట్టింది. మేష్టారి భార్యనని చెప్పగానే ఆవిడ అత్త చెయ్యి పట్టుకుంది.

"దీనికి నీళ్ళెవరు పోస్తారమ్మా?"

"వానే పోస్తాదమ్మా. చలికాలం మంచు తాగుతాది. ఈ ఎండల్లో దానికేమీ ఒద్దు, ఊరుకుంటాది. వానలకి ముందు పూస్తాది. అప్పుడు దాని పువ్వు..."

"చెప్పకమ్మా," అంది అత్త గబుక్కున. "పూశాక చూస్తాను."

వచ్చేటప్పుడు ఆవిడ ఒక మొక్క తీసిస్తానంది. "పిల్ల కోసం రాలేదమ్మా, వాకబుకి వచ్చాను" అని అత్త దణ్ణం పెట్టి కారెక్కింది. దారిలోనే నోటుబుక్కు తీసి, కారు కుదుపులకి వంకర్లు పోయే అక్షరాలతో రాసుకుంది. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది. "ఇల్లు: ఇప్పచెట్టు, తూర్పు కొమ్మ. పొద్దుటెండ దండిగా, మధ్యాహ్నం కొండ నీడ. తిండి: వాన, మంచు. ఎండాకాలం పస్తు. గుణం: తొందర లేదు."

ఇంటికొచ్చి మొక్కని కుండీలోంచి పీకి మామిడి చెక్కకి నారతో కట్టింది. పశువుల సావిడి తూర్పు చూరుకి వేలాడదీసింది. వానల్లో దాని మానాన వదిలేసింది. చలిపడగానే నీళ్ళు తగ్గించి, మామిడి పిందెలు పడేనాటికి పూర్తిగా ఆపేసింది. ఆకులు ముడతలు పడ్డాయి. ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి, "మొక్కని అలా మాడ్చేస్తారేంటండీ, చెంబుడు నీళ్ళకి కరువొచ్చిందా?" అని రోజూ దెప్పేది. నేనూ భయపడి ఫోన్ చేసేవాణ్ణి. దొంగచాటుగా ఒక్క చెంబు పోసెయ్యాలని అత్తకి మాత్రం అనిపించలేదా? "చెంబు చేతిలోకి తీసుకుని, మళ్ళీ నా కాళ్ళమీదే పోసుకున్నాన్రా" అని తర్వాతెప్పుడో చెప్పింది. మొదటి ఏడు పూయలేదు. రెండో ఏడూ లేదు.

మూడో ఏడు, రోహిణి ఎండలు చల్లబడకముందే ఫోన్ వచ్చింది. "రా" అంది, అంతే. వెళ్ళేసరికి సావిడి చూరు కింద, ఆకుల మధ్యనుంచి జానెడు గుత్తి కిందికి వేలాడుతోంది. తెల్లటి చిన్న చిన్న పువ్వులు, ఒక్కోదాని మీదా వంగపండు రంగు చుక్కలు. అత్త తలంటి పోసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. గుత్తి వైపే చూస్తూ, "ఇదేనాండీ మీరు చూసింది?" అంది. నేను ఆవుకి గడ్డి వేసే నెపంతో సావిడి వెనక్కి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను.

తర్వాత ఏటా పూసింది. నిరుడు చలికాలానికి ముందు అత్త పోయింది. పోవడానికి రెండు నెలల ముందు, డాక్టరు దగ్గరికని రాజమండ్రి వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులుంది. బాల్కనీలో కూర్చుని వాచ్‌మన్ భార్యతోనూ, పక్క ఫ్లాటు ఆవిడతోనూ గంటలు గంటలు కబుర్లాడింది. ఏం తోచక అనుకున్నాను. వెళ్ళిన వారానికే మొక్కని, నోటుబుక్కుని నాకు పంపింది.

ఈ ఉదయం ఫోను పక్కన పడేసి, మొక్కకి పోద్దామని మగ్గుతో నీళ్ళు తెచ్చుకుని, ఎందుకైనా మంచిదని ఆ నోటుబుక్కు తీశాను. ఇప్పచెట్టు పేజీ ఒక్కటే ఉందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. వెనక అట్ట లోపల మరో పేజీ ఉంది. "ఇల్లు: మూడో అంతస్తు, తూర్పు బాల్కనీ. ఎండ పది గంటల దాకా. పక్కవాళ్ళు మంచివాళ్ళు. కోడలు గట్టి మనిషి. వీడు మనసున్నవాడే గానీ చెయ్యి ఊరుకోదు, నీళ్ళు పోసేస్తాడు, కోడలికి చెప్పాను. ఇవ్వచ్చు."

మా ఆవిణ్ణి పిలిచి చూపించాను. చదివి నా చేతిలోంచి నీళ్ళ మగ్గు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అత్త మూడేళ్ళు ఆగింది. నాకు ఇంకా రెండో ఏడే.