నోరు తెరిపించిన మాత్రలు

మొన్న మా వీధిలో మలేరియా కనబడింది. ఏజెన్సీలో రోడ్డు పనికి వెళ్లివచ్చిన పక్కింటాయనకి ఆశా కార్యకర్త వేలు పొడిచి, కాసేపట్లోనే ఫలానా రకమని తేల్చి, రెండు మందులు కలిసున్న మాత్రల అట్ట చేతిలో పెట్టింది. నాలుగో రోజుకల్లా ఆయన అరుగు మీద కూర్చుని పెసరట్టు తింటున్నాడు. సంతోషించాలి గదా? నాకు ఒళ్లు మండింది. దర్శి చుట్టుపక్కల మలేరియా వర్కరుగా సైకిలు తొక్కి తొక్కి అరిగిపోయినవాణ్ణి, ఆ అట్ట నా చేతికి ఏనాడూ రాలేదని కుళ్లు. మీలో నా ఈడువాళ్లకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మేమిచ్చేది ఒకటే మాత్ర, అదీ చేదు విషం.

పెళ్లయిన మూడో ఏడు మా ఆవిడకి చలిజ్వరం పట్టుకుంది. మాత్రలు నేనే ఇచ్చాను. తగ్గింది, మళ్లీ వచ్చింది. మళ్లీ ఇచ్చాను, మళ్లీ వచ్చింది. చేదుకి ఓర్వలేక కుడితి గోలెంలో ఊసేస్తోందని నా అనుమానం. ఎదుట నిలబడి మింగించాలన్నదే మా ఉద్యోగంలో మొదటి పాఠం కనుక, నోరు తెరిపించి, నాలుక ఎత్తించి మరీ చూసేవాణ్ణి. ఆమె ఏడుస్తూనే చూపించేది.

అప్పుడు దిగాడు మా బావమరిది, ఆమె అన్న. అయిదో తరగతి చదువు, మిరపచేను తప్ప లోకం తెలియదు.

"ఒక మందుకి పురుగు అలవాటు పడ్డాక ఎంత కొట్టినా దండగే బావా. మేం రెండు కలిపి కొట్టట్లా?" అన్నాడు.

మనిషికీ మిరపచెట్టుకీ తేడా తెలియనివాడని నవ్వాను. అతను నవ్వలేదు, చెల్లెల్ని బస్సెక్కించి గుంటూరు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు మా మాత్ర మాన్పించి, క్వినైనుకి తోడు ఇంకో మందు కలిపి ఇచ్చాడు. ఆమె బతికింది. అప్పట్నుంచీ మా ఇంట్లో తలనొప్పి వచ్చినా "అన్నయ్యనడుగుదాం" అన్నదే మాట. అతను గుమ్మంలో కనిపిస్తే ఆమె మొహం వెలిగేది, నేను మందు చేత్తో పట్టుకొస్తే పెదవులు బిగుసుకునేవి. ఇన్నేళ్లుగా నన్ను తినేస్తున్నది అదే.

మొన్న ఆ ఆశా అమ్మాయి పక్కింటాయన చేత ఎదుటే మింగించింది గానీ నోరు తెరవమనలేదు. "మళ్లీ జొరమొస్తే చెప్పండి బాబాయ్, మందు మారుస్తారు" అంది, అంతే. మా రోజుల్లో జ్వరం తగ్గకపోతే మనిషిని అనుమానించాం, ఇప్పుడు మందుని అనుమానిస్తున్నారు. ఈ మాట మా ఆవిడకి చెప్పి, తప్పు నాదేనని ఒప్పుకుందామని లోపలికి వెళ్లాను. ఆమె ఫోనులో ఉంది, పక్కింటాయన లేచి తిరుగుతున్నాడని వాళ్లన్నకి చెబుతూ నవ్వుతోంది. నా నోరు మాత్రం తెరుచుకోలేదు.