ఉంటా మరి, ఉంటానమ్మా

మొన్న ఆదివారం న్యూకాసిల్ నుంచి మా అమ్మాయి వీడియో కాల్ చేసి, కబుర్లన్నీ అయ్యాక, ఎప్పటిలా బై మమ్మీ అనకుండా, ఉంటానమ్మా అంది. ఎందుకలా అందో అడిగేలోపే కాల్ అయిపోయింది. టీ చల్లారేదాకా అక్కడే కూర్చుండిపోయాను.

ఈ ఇంగ్లండు వచ్చిన కొత్తల్లో మనమంతా ఇండియాకి ఫోన్ ఎలా చేసేవాళ్లమో గుర్తుందిగా! కాలింగ్ కార్డు కొనుక్కొచ్చి, నాణెంతో గీకి, దాని మీద బయటపడ్డ అంకెలన్నీ నొక్కి, దూరాభారం కదా అని గొంతు చించుకుని అరిచేవాళ్లం. రీడింగ్ ఊళ్లో మా పక్క ఫ్లాట్ ముసలాయనకి మా తెనాలి సంగతులన్నీ తెలిసే ఉంటాయి, భాష రాదన్న మాటే గానీ.

ఆ రోజుల్లో నా దిగులంతా మా అమ్మాయి గురించే. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో ఒక్క ముక్క జవాబు, గడప దాటితే అదీ లేదు. పిల్ల క్లాసులో నోరు విప్పడం లేదని టీచరు అన్నప్పటి నుంచీ జీపీ డాక్టరుకి చూపిద్దామని నేనూ, ఇంట్లో ఒక్క నోరు చాలదా అని మావారూ. నాకు మాత్రం ఈ పిల్ల నలుగురిలో ఎలా బతుకుతుందో అని ఒకటే బెంగ.

ఆ ఏడు ఉగాదికి చర్చి హాలు అద్దెకు తీసుకున్నాం. మన ఫంక్షన్ల సంగతి తెలిసిందే, ప్రతి పిల్లా ఏదో ఒక ఐటెం చెయ్యాలి, లేకపోతే తల్లికి నామోషీ. మాది నా చున్నీ పట్టుకుని కుర్చీ వెనకే నక్కింది. ఇంతలో డాన్సు సీడీ మొరాయించింది. ఈలోగా ఎవరైనా పిల్లలు రండమ్మా అని పెద్దావిడ ఒకరు మైకులో బతిమాలుతుంటే, నా చున్నీ వదిలి మా పిల్ల స్టేజీ మీదికి నడిచింది.

లేని కార్డు గీకి, లేని ఫోను చెవిన పెట్టి, ఒక్కసారిగా నా గొంతుతో, నా తెనాలి యాసతో అరిచింది. "హలో! అమ్మా! వినపడతందా? ఆఁ, తిన్నాం! చలేం లేదమ్మా! ఏడవట్లేదే, జలుబు చేసింది!" హాలంతా పడీ పడీ నవ్వింది. "ఉంటా మరి. ఆఁ, ఉంటా. ఉంటానమ్మా" అని ఫోను పెట్టేసి, అటు తిరిగి, చేత్తో కళ్లు తుడుచుకుని, లేని పొయ్యి దగ్గర లేని గరిటె తిప్పడం మొదలెట్టింది.

నవ్వులు ఆగిపోయాయి. అక్కడున్న ఆడవాళ్లమంతా ఎవరి ఫోను వాళ్లు పెట్టేసినట్టే అయింది. తరవాత చప్పట్లు మోగిపోయాయి.

నేను ఫోన్లో ఉంటే సోఫా వెనక బొమ్మలతో ఆడుకుంటోందనుకున్న పిల్ల ఇంత చూసిందా, ఇంత తెలుగు ఎక్కడ దాచుకుందీ? పొంగిపోవాలో సిగ్గుపడాలో తెలియలేదు. నన్ను వెక్కిరించిందో, ఓదార్చిందో, అదీ తెలియలేదు. తిరిగొచ్చి నా ఒళ్లో తల పెట్టి, "వాజ్ దట్ ఓకే, మమ్మీ?" అని చిన్నగా అడిగింది. నేను తలూపాను, అంతే.

ఇప్పుడు కార్డులూ లేవు, అరుపులూ లేవు. తెనాలిలో ఫోనెత్తే మా అమ్మా లేదు. గుసగుసలాడినా స్పష్టంగా వినిపిస్తుంది, మొహమూ కనిపిస్తుంది, కానీ మాట్లాడినంతసేపే. ఆ రోజుల్లో నేను ఫోను పెట్టేశాక నా మొహం చూడటానికి సోఫా వెనక అదుండేది. మొన్న ఉంటానమ్మా అని అది పెట్టేశాక, దాని మొహం ఎవరు చూశారో!