మూడో బిళ్ళ

దీనమ్మ మందుల పెట్టె మా ఇంట్లో, పుస్తకాల అలమర కింది అరలో ఉండేది. రెండువేల తొమ్మిది నాటి మాట. నరసాపురంలో మా వీధి చివర ఉంటూ లేసు అల్లేది దీనమ్మ. ఆమెకు వచ్చింది మామూలు మందులకు లొంగని క్షయ అని తేలింది. రెండేళ్ళపాటు దగ్గరుండి బిళ్ళలు మింగించే పని, రిటైరైన మాస్టారినని నాకు అప్పగించారు.

ఉదయం ఆసుపత్రిలో ఇంజెక్షన్ చేయించుకుని మా అరుగు మీదికి వచ్చి, బిళ్ళలు అక్కడే మింగేది. సాయంత్రం మూడు బిళ్ళలు కూడా నా ఎదుటే మింగాలి. అవి కడుపులో తిప్పుతాయనీ, అన్నం తిన్నాక ఇంట్లో వేసుకుంటాననీ అంది. సరేనని పొట్లం కట్టి ఇచ్చేవాణ్ణి.

"మీరు పుస్తకంలోంచి తలెత్తరు గదండీ మాస్టారూ. నేను బిళ్ళలు మింగేనో, చొక్కా బొత్తాలు మింగేనో మీకేం తెలుస్తాది?" అని నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి.

ఆరు నెలలైనా కళ్ళెలో క్రిములు పోలేదు. మందులు సరిగా వేసుకుంటోందా అని డాక్టరు గారు అడిగితే, ఒక్కరోజూ తప్పలేదన్నాను. నిజమే, ఒక్కరోజూ రాకుండా ఉండలేదు.

ఒకనాడు వాన పడుతుండగా పొట్లం అరుగు మీదే మరిచి వెళ్ళిపోయింది. గొడుగు వేసుకుని నేనే తీసుకెళ్ళాను. దీనమ్మ, తోడికోడలు రెబెక్కా ఒకే లేసు ముందు కూర్చున్నారు. రెబెక్కా పువ్వులు అల్లేది, దీనమ్మ వాటిని కలిపేది. పక్కన దారం కత్తిరించే చిన్న కత్తెర. దాని అంచుకు తెల్లటి పొడి అంటుకుని ఉంది. దీనమ్మ నా చేతిలోంచి పొట్లం అందుకుందో లేదో, రెబెక్కా దగ్గుతూ తల ఎత్తకుండానే చెయ్యి చాపింది.

"నాదిలా ఇయ్యక్కా..."

నన్ను చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మూడు నెలల్నించీ దీనికీ దగ్గేనండి," అంది దీనమ్మ. "పరీక్షకి రమ్మంటే రానంటాది. ఇంట్లో ఇద్దరికీ ఈ రోగమని తెలిస్తే లేసు కొనే ఏజెంటు దారం ఇవ్వడండి. అందుకని ఒకటి నాకు, ఒకటి దానికి. మూడోది చెరిసగం."

"నీకు తగ్గొద్దా, దీనమ్మా?"

"అది పక్కన దగ్గుతుంటే నేనొక్కదాన్నీ ఎలా మింగేదండీ?"

చాలీచాలని మందు క్రిమిని చంపదనీ, మందును తట్టుకోవడం దానికి నేర్పుతుందనీ డాక్టరు గారు నాకు చెప్పిన మాటలే ఆమెకు చెప్పాను. సూది ఆపి విన్నది. రెబెక్కా వైపు చూసి, "అయితే దీని ఒంట్లో వాటికీ నేనే నేర్పేసేనా అండీ?" అంది.

మర్నాడు రెబెక్కాను తనే చెయ్యి పట్టుకుని పరీక్షకు తీసుకెళ్ళింది. అలమరలో రెండో పెట్టె చేరింది. రెబెక్కాకు నాలుగో నెలకే కళ్ళె శుభ్రపడింది. దీనమ్మకు మూడు బిళ్ళలూ మింగినా ఇక పనిచెయ్యలేదు. ఏడాది తిరక్కుండా, ఇక లాభం లేదని డాక్టర్లు ఆమె మందులు ఆపేశారు. ఒక్కరోజూ తప్పలేదని నేను చెప్పిన మాట ఇప్పటికీ నాకు గుర్తొస్తూనే ఉంటుంది.

తన పెట్టె వెళ్ళిపోయాక కూడా దీనమ్మ పూటపూటా రెబెక్కాతో వచ్చేది. లోపలికి మాత్రం వచ్చేది కాదు. మూతికి కొంగు అడ్డం పెట్టుకుని, గేటు అవతల నిలబడేది.

"మాస్టారూ, పుస్తకం ముయ్యండి. అది మింగిందాకా చూడండి."

మూసేవాణ్ణి. బిళ్ళలు మింగాక రెబెక్కా నోరు తెరిచి చూపించేది, నాకు కాదు, గేటు వైపు తిరిగి.