పదకొండో పూత

వీధంతా అతన్ని ఆర్టిస్టు అని పిలిచేది. చేసేది మాత్రం దుకాణాలకు బోర్డులు రాయడం. మందుల షాపైనా, చెప్పుల షాపైనా, 'లోపలికి అనుమతి లేదు' అన్న మూడు ముక్కలైనా సరే, అక్షరం పొల్లుపోకుండా ముత్యాల్లా దిద్దేవాడు. "ఆర్టిస్టు గారూ, ఎప్పుడైనా బొమ్మ వేశారా?" అని పక్క టైలరు ఆటపట్టిస్తే, "వేద్దాంలే, తొందరేముంది" అనేవాడు. అమ్మ కళ్లు బాగున్నంతకాలం నిజంగానే తొందరేమీ లేదు.

ఏడాదిలోపు చూపు పూర్తిగా పోతుందని కళ్ల డాక్టరు చెప్పేశాడు. ఆసుపత్రి మెట్ల మీద కాసేపు కూర్చుని, అమ్మ కొడుకుని ఒకే ఒక్కటి అడిగింది.

"ఒరే, నీ చేత్తో నా బొమ్మ ఒకటి వేసి చూపించరా. ఫోటోల్లో నేనెప్పుడూ దొంగతనం చేసి దొరికినదానిలా ఉంటాను. నీ కళ్లకి ఎలా కనిపిస్తానో ఒక్కసారి చూసుకోవాలి."

"అదెంతమ్మా, ఒక్క నెల" అన్నాడు.

ఆ ఆదివారమే మంచి చెక్క తెచ్చి, తెల్లరంగు వేసి, ఆరాక గరుకు కాగితంతో రుద్దాడు. అమ్మ తల దువ్వుకుని కిటికీ దగ్గర కూర్చుంది. పెన్సిల్ పట్టుకున్నాక గానీ అతనికి అసలు చిక్కు తెలియలేదు. బోర్డు మీదైతే సుద్ద దారం లాగి వదిలితే పైనొక గీత, కిందొక గీత పడతాయి. అక్షరం ఎక్కడ నిలబడాలో అవే చెబుతాయి. మొహానికి అలాంటి గీతలు ఎక్కడివి? ముక్కు ఎవరిదో అయింది.

తప్పు పడిన అక్షరాన్ని దిద్దకు, బోర్డంతా తెల్లరంగు వేసి మళ్లీ మొదలుపెట్టు అని పని నేర్పిన మేస్త్రీ నూరిపోశాడు. ముప్పై ఏళ్లు అన్నం పెట్టిన మాట అది. ఇప్పుడు అదే కొంప ముంచింది.

ముక్కు కుదరలేదని ఒక పూత వేశాడు. కళ్లు కుదరలేదని ఇంకొకటి. ఆ తర్వాత ఏమీ గీయకుండానే పూతలు వేయడం మొదలైంది. సన్న బ్రష్షులు కొన్నాకే అనుకున్నాడు, కొన్నాడు. ముసురు తగ్గాకే అనుకున్నాడు, తగ్గింది. రోజూ తెల్లవారుజామునే లేచి ఒక గంట కూర్చుంటానని ఒట్టు పెట్టుకుంటే ఆ ఒట్టు మూడు రోజులు బతికింది. తెల్లరంగు వేసిన రోజు మాత్రం ఏదో పని జరిగినట్టు హాయిగా నిద్రపట్టేది. అసలు రోగం అదే.

"ఆ చెక్కకి పట్టించిన రంగుతో ఇల్లంతా వెల్ల వేసుకోవచ్చు" అంది భార్య. అతను అలిగి అన్నం మానేశాడు.

"వాణ్ణి ఏమనకమ్మా. పనిలో ఉన్నవాణ్ణి తొందరపెట్టకూడదు" అని అమ్మ కోడలికి సర్దిచెప్పింది. అమ్మకి మొదట సూది బెజ్జం కనబడటం మానేసింది, తర్వాత బస్సు నంబరు, ఆ తర్వాత మెట్టు. ఒకరోజు చెంబెత్తి గ్లాసు పక్కన నీళ్లు పోసుకుంటూ, కాళ్లు తడిసినా నోరెత్తకుండా నిలబడింది. గుమ్మంలోంచి అతను అది చూశాడు. భయమేస్తే అతని చేతికి తెలిసిన పని ఒక్కటే. ఆ రోజు పదకొండో పూత పడింది.

తర్వాత నెల తిరగకుండానే ఒక పొద్దున అమ్మ, "లైటు వేయరా, ఇంకా తెల్లారలేదా?" అంది. ఆమె ఒళ్లో ఎండ పడుతోంది.

చేతికి ఎండ వెచ్చగా తగిలాక ఆమే అడిగింది. "ఒరే, బొమ్మ అయిందా?"

"అయిందమ్మా." ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో అతనికే తెలియదు.

తెమ్మంది. తెచ్చి ఒళ్లో పెట్టాడు. పదివేళ్లతోనూ మెల్లగా తడిమింది.

"ఇంత నున్నగా ఉందేంట్రా? నా ముడతలన్నీ ఏం చేశావు?"

"బొమ్మ చేతికి తగలదమ్మా. కళ్లతో చూస్తేనే తెలుస్తుంది."

అన్నాక గానీ ఏమన్నాడో తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు. అమ్మ మాత్రం తలూపింది.

"అంతేలే. నా మంచం పైన తగిలించు. వచ్చినవాళ్లయినా చూస్తారు."

తగిలించాడు. సాయంత్రం పక్కింటావిడ వస్తే, "మావాడు వేశాడు. ఎలా ఉన్నాను?" అని అమ్మ గర్వంగా అడిగింది. పక్కింటావిడ గోడను చూసింది, అతన్ని చూసింది. భార్య తల దించుకుంది.

"అచ్చం మీరే పిన్నిగారూ" అంది ఆవిడ చివరికి.

"నవ్వుతున్నానా?"

"ఆఁ, నవ్వుతున్నారు."

అమ్మ ఆ తెల్లటి చెక్క కింద నిటారుగా కూర్చుని, జుట్టు సవరించుకుని, బొమ్మలో ఉన్నట్టే నవ్వబోయింది. ఆర్టిస్టు గుమ్మం పట్టుకుని ఆ నవ్వు చూశాడు. మొదటి గీత ఎక్కడ గీయాలో అప్పుడు తెలిసింది.