హిమోగ్లోబిన్ పాఠం

బర్మాలో, చౌక్తడా అనే పేటలోని ఒక ప్రైవేటు బడిలో నేను జీవశాస్త్రం చెప్పేదాన్ని. నాకంటే పదిహేనేళ్లు పెద్దదైన ఇంకో సైన్సు టీచరు రోజూ నది అవతలున్న దలా నుంచి ఫెర్రీలో వచ్చేది. ఆ బడిలో తెలుగువాళ్లం మేమిద్దరమే. ఆవిడని అక్కా అని పిలిచేదాన్ని.

మానవ పరిణామాన్ని ప్రొటీన్లతో చెప్పాలన్న ఆలోచన అక్కదే. కరెంటు ఉన్న గంటలు చూసుకుని ఇంటర్నెట్‌లోంచి మనిషివీ, చింపాంజీవీ, గొరిల్లావీ, ఒక కోతివీ హిమోగ్లోబిన్ వరుసలు దించుకున్నాం. ఒక్కో అక్షరం ఒక్కో అమైనో ఆమ్లం. వాటిని ఒకదాని కింద ఒకటి పేర్చి చూపే వెబ్‌సైటు వాడటం నేర్పింది కూడా ఆవిడే.

క్లాసులో పిల్లలు తేడా కనబడిన చోటల్లా పెన్సిలుతో సున్నా చుట్టారు. కోతికి చాలా వచ్చాయి, గొరిల్లాకి ఒక్కటే. చింపాంజీ వరుసని ఒకమ్మాయి రెండుసార్లు వెతికి, "ఒక్కటీ లేదు టీచర్," అంది నెమ్మదిగా. ఆ రోజంతా నా కాళ్లు నేలమీద ఆనలేదు.

వారం తిరక్కుండానే కొందరు తల్లిదండ్రులు వచ్చి, మా పిల్లల్ని కోతులంటారా అని గొడవ పెట్టుకున్నారు. హెడ్‌మిస్ట్రెస్ మా ఇద్దరినీ పిలిచింది. అక్క పక్కనుందన్న ధైర్యంతోనే వెళ్లాను. ఇది ఎవరి ఆలోచన అని అడగ్గానే అక్క నా వైపు చూడకుండా, తాను ముందే వద్దన్నానని, నేనే వినలేదని బర్మీస్‌లో తడుముకోకుండా చెప్పేసింది. కాదని ఎందుకు అనలేకపోయానో ఇప్పటికీ తెలియదు.

మెట్ల మీద ఆపి అడిగాను, ఎందుకలా సెప్పినావక్కా అని.

"ఏటి సెయ్యమంతావు? నువ్వు సిన్నదానివి, ఇంకో బడి దొరుకుతాది. ఈ వయసులో నన్నెవలు తీసుకుంతారు?" అంది. రెండు మెట్లు దిగి, "మనసులో ఎట్టుకోకు," అంది.

ఆ చివరి మాటకే ఎక్కువ మండింది. పై తరగతులు నా దగ్గర్నుంచి తీసేసి అక్కకిచ్చారు. మరుసటేడు తల్లిదండ్రులని ముందే పిలిచి, టీ ఇచ్చి, నచ్చజెప్పి, అవే కాగితాలతో అక్క అదే పాఠం చెప్పింది. ఎవరూ ఒక్క మాటనలేదు. పిల్లలకి పాఠం అందింది కదా అని సంతోషించాలి. నా వల్ల కాలేదు. ఆ నెలాఖరుకి ఆ బడి మానేశాను.

ఇప్పుడు వేరే బడిలో చెబుతున్నాను. మొన్న ఇక్కడి టీచరొకావిడ, పాఠాలు ఇద్దరం కలిసి తయారుచేసుకుందామా అని ఆప్యాయంగా అడిగింది. నాకు పనుందని చెప్పి, కంప్యూటర్ వైపు తిరిగి కూర్చున్నాను.